మెషీన్ నడిచిన రోజు

"రేపు ఆఫీసర్ అడిగితే మెషీన్ నడిచిందని చెప్పు. అంతకు మించి ఒక్క ముక్క కూడా వద్దు," అన్నారు మా ఆయన, వంటగదిలో నా వెనక నిలబడి.

నేను క్యారెట్లు తరుగుతున్నాను. కత్తి ఆగిపోయింది. ఆయన మాటకి కాదు. కొన్నాళ్ళుగా వెనక ఎవరైనా వచ్చి నిలబడితే చాలు, నా వేళ్ళు వాటంతటవే ముడుచుకుని అరచేతిలోకి వెళ్ళిపోతున్నాయి. మిక్సీ మూత తీయాలన్నా, బీరువా తలుపు వెయ్యాలన్నా, పాపకి పెన్సిల్ చెక్కాలన్నా ముందు ఒకసారి చేతిని చూసుకుంటున్నాను.

"వినపడిందా?"

"ఆఁ."

"ఎప్పుడు నడిచింది?"

"లెక్కల సంవత్సరం ఆఖరి రోజున."

"ఎవరు నడిపారు?"

నేను ఇంకో క్యారెట్ అందుకున్నాను.

"మెకానిక్. మెకానిక్ నడిపాడు. అట్టలు బాగా తెగాయి. ఎవరికీ ఏమీ కాలేదు." చిన్నపిల్లకి పద్యం అప్పజెప్పించినట్టు చెప్పి, తాళాలు బల్లమీద పెట్టారు. విసరలేదు. మెల్లిగా, చప్పుడు కాకుండా, ఒక్కో తాళం విడివిడిగా కనపడేలా పరిచి పెట్టారు. ఆయన నా మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. కేక కూడా వెయ్యరు. తాళాలు అలా మెత్తగా పెట్టిన రోజున నేను గిన్నె చప్పుడు కూడా కాకుండా తిరుగుతాను. పాప కూడా పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోతుంది.

మాది అట్టపెట్టెల కంపెనీ. మాది అంటే మా బావగారిది. ఆయన తర్వాతే మా ఆయన. నేను అందులో డైరెక్టర్ని. బయటివాళ్ళకి చెబితే గొప్పగానే వినిపిస్తుంది. పెళ్ళైన కొత్తలో బావగారు ఒక కాగితాల కట్ట తెచ్చి "ఇక్కడా, ఇక్కడా, ఇదిగో ఇక్కడా" అని వేలుపెట్టి చూపించారు, నేను సంతకాలు చేశాను. కంపెనీకి ఇంకో పేరు కావాలట, బయటివాళ్ళైతే వాటా అడుగుతారట. తర్వాత నేను బీకాం చదివానన్న సంగతి ఎవరికో గుర్తొచ్చి లెక్కలు రాసే గుమాస్తాని మానిపించారు. "ఇంట్లో చదువుకున్న మనిషి ఉండగా బయటివాడికి జీతం దండగ కదా," అన్నారు అత్తయ్య. అలా పొద్దున వంట చేసి, పాపని స్కూల్లో దింపి, క్యారియర్లు మోసుకుని ఆఫీసుకెళ్ళి, అన్నదమ్ములిద్దరికీ భోజనం పెట్టి, మిగిలిన టైములో బిల్లులు, జీతాల పట్టీ, పన్ను లెక్కలు చూడటం నాకు అలవాటైపోయింది. జీతాల పట్టీలో అందరి పేర్లూ నా చేత్తోనే రాస్తాను, నా పేరొక్కటీ తప్ప. ఎవరైనా పార్టీ వస్తే బావగారు కుర్చీలో వెనక్కి వాలి "ఇప్పుడు మా డైరెక్టర్ గారు కాఫీ తెస్తారు" అంటారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంటికొచ్చాక మా ఆయన "అంత ముఖం మాడ్చుకోవాల్సిన అవసరమేమొచ్చింది?" అని అడుగుతారు.

ఆ ఏడాది పెద్ద ఆర్డరొకటి తగిలి లాభం బాగా వచ్చింది. లాభంతోపాటు పన్నూ వచ్చి కూర్చుంది. ఏడాది ముగియబోతుంటే ఆడిటర్ గారిని పిలిపించారు.

"అట్టలు కోసే మెషీన్ కొత్తది కొందామనుకుంటున్నారుగా? ఈ ఏడే కొనండి సార్," అన్నాడాయన. "మెషీన్ కొన్న డబ్బంతా ఒకే ఏడు ఖర్చు కింద రాసుకోనివ్వరు. అది ఏటా కొంత అరుగుతుందని లెక్క. అరిగినంత మేర లాభంలోంచి తీసేసుకోవచ్చు. అదే తరుగుదల. కొత్త మెషీన్‌కైతే మొదటి ఏడు దాని మీద అదనంగా ఇంకొంత మినహాయింపు ఇస్తారు. లాభం అంత తగ్గితే పన్నూ అంత తగ్గుతుంది. కాకపోతే ఊరికే తెచ్చి షెడ్లో పెడితే కుదరదు. సంవత్సరం ముగిసేలోపు అది ఒక్క పూటైనా పని చేయాలి. చేసినట్టు డైరెక్టర్ ఒకరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి."

"తరుగుదలా? మా ఇంట్లో తరుగుదలంటే మా మరదలే. పొద్దున లేస్తే కూరలు తరుగుతూనే ఉంటుంది," అన్నారు బావగారు. ఆడిటర్ గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. మా ఆయన కూడా.

మెషీన్ రావడం ఆలస్యమైంది. సంవత్సరం ముగియడానికి ముందు రోజు లారీ వచ్చింది. మెకానిక్ రాత్రీ పగలూ కూర్చుని బిగించాడు. ఆఖరి రోజు మధ్యాహ్నానికి చేతులు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వచ్చి, "మోటారు పని చేస్తోంది సార్. కాని ముందువైపు మూత రాలేదు. వేరే బండిలో పంపించారట, నాలుగైదు రోజులు పడుతుంది. అది బిగించేదాకా నడపకండి," అన్నాడు.

ఆ మూత గురించి చెప్పాలి. అట్టని లోపల పెట్టగానే పైనుంచి బరువైన పలక దిగి పెట్టె ఆకారానికి కోసి మళ్ళీ పైకి లేస్తుంది. మూత ఉంటే, అది మూసుకున్నాకే పలక దిగుతుంది. మూత లేకపోతే పలకకి అట్టకీ చేతికీ తేడా తెలియదు.

"నాలుగు రోజులాగితే సంవత్సరం దాటిపోతుంది," అన్నారు బావగారు.

నేను అప్పుడే కాఫీ ట్రే బల్లమీద పెడుతున్నాను. "దాటిపోతే ఏమీ నష్టం లేదు బావగారూ. మినహాయింపు ఎక్కడికీ పోదు. ఈ ఏడు రాసుకోలేకపోతే వచ్చే ఏడు రాసుకుంటాం. ఈసారికి పన్ను ఎక్కువ కట్టాలి, వచ్చేసారి ఆ మేరకు తగ్గుతుంది," అన్నాను.

బావగారు కప్పు తీసుకుని ఒక గుక్క తాగారు. "చక్కెర తక్కువైందమ్మా," అన్నారు. నేను చక్కెర తేవడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి వాళ్ళు షెడ్లో ఉన్నారు. మెకానిక్ తన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు, "నేనైతే ముట్టుకోను" అనేసి. మెషీన్ ముందు గమ్మక్క నిలబడి ఉంది. ఆవిడ మా దగ్గర ఎన్నో ఏళ్ళుగా పెట్టెలకి గమ్ము రాస్తోంది. అందుకే అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ జిగటగా ఉంటాయని, డబ్బులిస్తే అతుక్కుపోయి తిరిగి రావని కుర్రాళ్ళు ఏడిపించేవారు. "మీ వేళ్ళు ఏదీ పట్టుకోలేవు కదరా, అందుకే ఏడుపు," అనేదావిడ. ఆ రోజు మాత్రం ఆవిడ మాట్లాడటం లేదు. కొంచెం సిగ్గుగా, కొత్త మెషీన్‌ని తనకిచ్చినందుకు కొంచెం గర్వంగా నిలబడింది. "ఓ పది అట్టలు కోస్తే చాలు గమ్మక్కా, చెయ్యి చూసుకుని పెట్టు," అన్నారు మా ఆయన.

పది తెగలేదు. నేను చక్కెర చెంచా చేతిలో పట్టుకునే ఉన్నాను. పలక దిగిన చప్పుడు మామూలుగానే ఉంది. అదే నన్ను ఇప్పటికీ వదలదు. ఆ చప్పుడులో ఏ తేడా లేదు. గమ్మక్క అరవలేదు కూడా. తన కుడిచేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది. నేను పరిగెత్తుకెళ్ళి తువ్వాలు చుట్టాను. తువ్వాలు లోపల ఉండాల్సినవి లేవని నా చేతికి తెలుస్తోంది. ఆవిడ నా భుజం మీద వాలి, "అట్ట పాడైందా అమ్మా?" అని అడిగింది.

ఆస్పత్రికి మా ఆయన తీసుకెళ్ళారు. అక్కడ ఏం చెప్పాలో దారిలోనే ఆవిడకి నేర్పించారు. ఇంట్లో ఇనప తలుపు సందులో చెయ్యి పడింది. అలా చెబితే వైద్యం ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది, ఆవిడ కూతురికి ముందు ముందు ఏదో పని చూస్తుంది. లేకపోతే పోలీసులు, తిరుగుళ్ళు. ఆవిడ తలూపిందట. ఆ రోజు కోసిన అట్టల లెక్క, హాజరు పట్టీ బావగారు అడిగి తీసుకున్నారు. అవి మళ్ళీ కనపడలేదు. సర్టిఫికెట్ మాత్రం ఉంచారు. మెషీన్ ఆఖరి రోజున పని చేసిందని, కింద నా సంతకం. అంతకు ముందు రోజే, మెషీన్ లారీలోంచి దిగకముందే, అది నా చేత పెట్టించారు.

గమ్మక్కకి మూడు వేళ్ళు పోయాయి.

ఇంటికొచ్చాక నేను "కార్మికుల ఆఫీసులో చెప్పాలి కదండీ, ఆవిడకి నష్టపరిహారం వస్తుంది" అన్నాను. మా ఆయన చాలాసేపు టీవీ చూశారు. తర్వాత టీవీ కట్టేసి, ఎంతో శాంతంగా అన్నారు. "చెప్పు. మూత లేని మెషీన్ మీద మనిషిని నిలబెట్టినందుకు కేసు పెడతారు. ఎవరి మీద పెడతారు? సంతకం ఎవరిది? నిన్ను తీసుకెళ్తే పాపనెవరు చూస్తారో అది కూడా నువ్వే చెప్పు."

ఆ రాత్రి నుంచి నేను తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం మొదలుపెట్టాను. స్కూల్ దగ్గర ఎవరైనా ఖాకీ బట్టల్లో కనపడితే పాప చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. "నొప్పమ్మా," అనేది పాప. షెడ్లోకి వెళ్ళడం మానేశాను. మూత వచ్చింది, బిగించారు, మెషీన్ రోజంతా నడుస్తోంది. ఆఫీసు గదిలో కూర్చుంటే గోడ అవతలినుంచి ఆ పలక దిగే చప్పుడు వస్తూనే ఉండేది. ఒక్కో చప్పుడుకీ నా పెన్ను కాగితం మీద ఆగేది. "లెక్కలు ఇంత ఆలస్యమెందుకవుతున్నాయమ్మా?" అని బావగారు విసుక్కునేవారు. భయం ఎంత పని చేయిస్తుందో, ఎంత పని పాడు చేస్తుందో, దానికి జీతమెవరిస్తారో నాకు తెలియదు.

పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిన రోజు నన్నెవరూ ఏమీ అడక్కుండానే నేను ఏడ్చేశాను. అది గమ్మక్క గురించి కాదు. కొత్త మెషీన్ మీద చూపించిన తరుగుదల, మినహాయింపు చాలా పెద్దవి, పరిశీలించాలి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన డైరెక్టర్ హాజరుగా ఉండాలి అని రాశారు. అంతే. అప్పటినుంచి ఇంట్లో రిహార్సళ్ళు. పొద్దున కాఫీ దగ్గర బావగారు, మధ్యాహ్నం ఫోన్లో ఆడిటర్ గారు, సాయంత్రం మా ఆయన. నడిచింది అని చెప్పు. నడిచింది అని చెప్పమ్మా. అత్తయ్య కూడా కూరలో ఉప్పు చూస్తూ "నడిచిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?" అన్నారు. నిజం చెప్పమనడానికి ఇంతమంది ఇంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆఫీసుకే వచ్చిన ఆ ఆఫీసర్ ఒక పెద్దావిడ. గొంతు పోయి ఉంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని గుక్క గుక్క తాగుతూ, గుసగుసలాంటి గొంతుతో ముక్కలు ముక్కలుగా అడుగుతోంది. అరిచేవాళ్ళకి జవాబు చెప్పొచ్చు. ఆవిడ మాట వినడానికి అందరం ముందుకు వంగాల్సి వచ్చింది. గదిలో ఒకవైపు ఆవిడ, ఎదురుగా బావగారు, మా ఆయన, ఆడిటర్ గారు. నేను చివర్లో, కాఫీ ట్రే పక్కన.

"ఆఖరి రోజు నడిచిందంటున్నారు. ఎన్ని అట్టలు కోశారు?"

"కొద్దిగా మేడమ్, ట్రయల్ లాగా," అన్నారు మా ఆయన.

"లెక్క ఏది?"

"కనపడటం లేదు మేడమ్. పాత కాగితాల్లో..."

"హాజరు పట్టీ?"

"అది కూడా..."

ఆవిడ నీళ్ళు తాగింది. ఒక బిల్లు తీసి బల్లమీద పెట్టింది. మూత బిగించిన బిల్లు. తేదీ కొత్త సంవత్సరంలోది.

"మూత లేకుండా మెషీన్ నడుస్తుందా?"

"నడుస్తుంది మేడమ్. హాయిగా నడుస్తుంది," అన్నారు మా ఆయన తొందరగా.

"మూత లేని మెషీన్ దగ్గర మనుషుల్ని నిలబెట్టారా?"

గోడ అవతల పలక దిగి లేచింది. నా వేళ్ళు అరచేతిలోకి వెళ్ళిపోయాయి. ఆవిడ నావైపు తిరిగింది.

"సంతకం మీదేనా?"

"ఆవిడకేం తెలీదు మేడమ్. కాగితం మీద డైరెక్టర్, అంతే," అన్నారు బావగారు నవ్వుతూ.

"నేనొచ్చింది కాగితం గురించే," అంది ఆవిడ, నవ్వకుండా.

బావగారు ఆడిటర్ గారి చెవిలో ఏదో అన్నారు. ఆడిటర్ గారు పెన్నుతో గబగబా ఏదో లెక్క వేసి బావగారి ముందు పెట్టాడు. మినహాయింపు వదులుకుంటే పన్ను ఎంత, జరిమానా ఎంత అని వేసి ఉంటాడు. బావగారు అది చూసి, ఊపిరి వదిలి, చేతులు జోడించారు.

"మేడమ్, దాపరికమెందుకు? ఆ రోజు మెషీన్ నడవలేదు. మూత లేకుండా మేమెలా నడుపుతాం, మనుషుల ప్రాణాలు కదా! మా మరదలు తెలియక సంతకం పెట్టేసింది. ఆడవాళ్ళకి ఈ రూల్సన్నీ ఎక్కడ తెలుస్తాయి? ఈ ఏడాది పన్ను కట్టేస్తాం. వచ్చే ఏడు రాసుకుంటాం. మినహాయింపు ఎక్కడికీ పోదుగా."

నేను ట్రే పక్కన నిలబడి అన్న మాట. అప్పుడు చక్కెరలో కలిసిపోయిన మాట. ఇప్పుడు ఆయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చింది! ఆవిడ పెన్ను తీసింది. మెషీన్ నడవలేదు అని రాసుకోబోతోంది. రాసేస్తే అయిపోతుంది. నాకు తిట్లు పడతాయి, కంపెనీకి జరిమానా పడుతుంది, అంతే. జైలు లేదు, పోలీసులు లేరు, పాప నా దగ్గరే ఉంటుంది. నేనింతకాలం దేనికి భయపడుతున్నానో అదంతా ఒక్క ముక్కతో మాయమైపోతుంది. మెషీన్ నడవకపోతే ఆ రోజు షెడ్లో ఏమీ జరగలేదు. పలక దిగలేదు. తువ్వాలు చుట్టలేదు. గమ్మక్క ఇంకెప్పుడైనా ధైర్యం చేసి ఏ ఆఫీసుకైనా వెళ్ళినా, ప్రభుత్వం కాగితం మీదే ఉంటుంది కదా, ఆ రోజు ఆ మెషీన్ కదల్లేదని. ఆవిడ చెయ్యి తలుపు సందులోనే ఉండిపోతుంది, ఎప్పటికీ.

ట్రేలో కప్పులు చిన్నగా చప్పుడు చేస్తున్నాయని, ఆ ట్రేని పట్టుకున్నది నేనేనని అప్పుడు తెలిసింది.

"నడిచింది," అన్నాను.

మా ఆయన నావైపు తిరిగారు. "ఏంటి?"

"మెషీన్ నడిచింది మేడమ్. నేను చూశాను."

"అమ్మాయ్, కంగారుపడకు. నువ్వు లోపలికెళ్ళు," అన్నారు బావగారు.

"ఎవరు నడిపారు?" అడిగింది ఆవిడ.

గమ్మక్క అనబోయి ఆగాను. ఆవిడ అసలు పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. నెలనెలా జీతాల పట్టీలో రాసిన పేరు. ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియని పేరు. ఆడిటర్ గారు "ఎవరు?" అని కూడా అడిగాడు.

"ఆమె కుడిచేతి వేళ్ళు మూడు తెగిపోయాయి. మూత లేదు. ఆ రోజే సంవత్సరం ముగుస్తుందని నడిపించారు. మెషీన్ నడిచిందనడానికి ఇంకే కాగితమూ లేదు మేడమ్. ఆస్పత్రిలో ఆ రోజు తేదీ ఉంటుంది. ఆ చెయ్యి చూస్తే డాక్టరెవరైనా చెబుతారు, అది తలుపో మెషీనో."

ఆవిడ ఫ్లాస్కు మూత పెట్టింది. ఇంకాస్త గుసగుసగా అంది. "పన్ను సంగతి నేను చూస్తాను. ఈ రెండోది నా శాఖది కాదు, కార్మిక శాఖకి పంపాలి. మీరూ డైరెక్టరే. కేసైతే మీ మీదా అవుతుంది. అర్థమైందా? రాయమంటారా?"

పాప ముఖం కళ్ళముందుకొచ్చింది. నాకు ఏడుపు రాలేదు.

"రాయండి," అన్నాను.

ఆవిడ రాసిందంతా చదివి సంతకం పెట్టాను. చదవడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు కదులుతున్నాయి. ఆవిడ తొందరపెట్టలేదు. ఆవిడ కారు గేటు దాటాక ఆడిటర్ గారు మెల్లిగా, ఎవరివైపూ చూడకుండా, "ఇక ఆ మినహాయింపు మాత్రం గట్టిగా నిలబడుతుంది సార్," అన్నాడు. బావగారు బల్లమీది కాగితాల్ని గోడకేసి కొట్టారు.

మా ఆయన జేబులోంచి తాళాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "పాపని ఇవాళ నేను తీసుకొస్తాలే స్కూల్నుంచి," అన్నారు, మామూలు గొంతుతో, రోజూ అనే మాటలాగా. రోజూ ఆయన ఆ మాట అనరు. పాప ఏ క్లాసో కూడా ఆయనకి తెలియదు.

నేను హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని వెనక గేటు నుంచి బయటపడ్డాను. పరిగెత్తితే ఎవరైనా చూస్తారని నడిచాను, మలుపు తిరిగాక పరిగెత్తాను. స్కూల్లో ఏదో అబద్ధం చెప్పి పాపని ముందే తీసుకున్నాను. "ఎక్కడికమ్మా? ఎందుకు చెమటలు పట్టాయి?" అని పాప అడుగుతూనే ఉంది. అక్క వరసయ్యే ఆవిడ ఇంటికి అన్నాను. ఆ తర్వాత ఎక్కడికెళ్ళాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో నేనింకా ఆలోచించుకోలేదు. వెనక ఆగిన ప్రతి బండీ మా కారులాగే వినిపిస్తోంది. కాని గమ్మక్కకి ఆ కబురు ముందు నేనే చెప్పాలి. బావగారి మనుషులు వెళ్ళేలోపు చెప్పాలి.

ఆవిడది ఇరుకు సందులో చివరి గది. తలుపు తట్టాను. ఎవరు అని లోపలినుంచి అడగలేదు. తలుపు కొంచెంగా తెరుచుకుంది. గమ్మక్క ఎడంచేత్తో తలుపు పట్టుకుని, కుడిచేతిని వెనక్కి దాచుకుని నిలబడింది. నన్ను చూసి ఆవిడ ముఖంలో రక్తం లేకుండా పోయింది. నా వెనక సందంతా వెతికింది, ఇంకెవరొచ్చారోనని.

"నేనెవరికీ చెప్పలేదమ్మా," అంది గబగబా. "ఒట్టు. మా పిల్ల మీద ఒట్టు. ఎవరడిగినా చెప్పలేదు."

పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను చెప్పేశానక్కా," అన్నాను.